చుక్క ముక్కుకు ఏమీ కాలేదు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఉత్తరాలు పంచే మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన కుక్కలాయన. ఆయన భార్య కుక్కలాయన గారి ఆవిడ. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా, కూతురికి కుక్కలాయన గారి అమ్మాయి అన్న బిరుదు వదల్లేదు. పోలీసు జాగిలాల విభాగంలో చేసి రిటైరయిన మనిషిని అలా పిలవడంలో తప్పేమీ లేదు, ఆయనకీ కోపం లేదు. ఆయన భరించలేనిది ఒక్కటే. ఎవరైనా తనని మంచివాడంటే ఆయనకి ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది.

అనకుండా ఉంటారా జనం? పొద్దున్నే తన కుక్క చుక్కని తీసుకుని గుమ్మం దిగితే చాలు, ఎదురింటి అరుగు మీద పేపరు చదివే పెద్దమనిషి కళ్ళజోడు పైకి తోసుకుని మొదలుపెట్టేవాడు. "ముక్కు పోయిందని ఆఫీసు వాళ్ళు వదిలించుకున్న కుక్కని తెచ్చుకుని కన్నబిడ్డలా సాకుతున్నారు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ ఇలా?" పాల దుకాణం ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, అల్లరి చేసే తన కొడుక్కి ఆయన్ని చూపించి బుద్ధులు చెప్పేది. ఆయన మాత్రం తన చెప్పుల వంక చూసుకుంటూ, "అదేం లేదండీ" అని గొణిగి ముందుకి నడిచేవాడు. అది చూసి, పాపం ఎంత వినయమో అని మళ్ళీ మెచ్చుకునేవాళ్ళు. ఇక ఆయన ఎటు పోవాలి?

మంచివాడన్నందుకు ఒక మనిషి ఇంతలా ఎందుకు కుంచించుకుపోవాలో తెలియాలంటే, ముందు ఆయన కుక్కల సంగతి తెలియాలి. ఆయన బతుకంతా మూడు కుక్కలే. కూతురు ఎప్పుడు పుట్టిందని అడిగితే తారీకు తడుముకుంటాడు గానీ, "దొర కాలు బెణికిన ఏడాది" అని ఠక్కున చెబుతాడు. ఆ ముక్క విన్నప్పుడల్లా భార్య ఆయన్ని కళ్ళతోనే కాల్చేసేది.

మొదటిది దొర. నడకలో, కూర్చోవడంలో, ఆవలించడంలో కూడా దొరతనమే. జీపు వెనక ఎక్కమంటే ఎక్కేది కాదు, ముందు సీటు కావాలి. ఆఫీసర్లు మొదట కసిరారు, తర్వాత నవ్వుకున్నారు, చివరికి వాళ్ళే వెనక కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఒకసారి తప్పిపోయిన ఒక పసిపిల్లని వెతుకుతూ ఊరంతా గాలిస్తుంటే, దొర తిన్నగా సిమెంటు గొట్టాల గుట్టల్లోకి వెళ్ళి ఒక గొట్టం ముందు కూర్చుంది. లోపల ఆ పిల్ల ముడుచుకుని నిద్రపోతోంది. తల్లి వచ్చి కాళ్ళ మీద పడబోతే, దొర ఆవిణ్ణి పట్టించుకోకుండా పెద్దాఫీసరు కారియర్ మూత తీసి ఆయన భోజనం కానిచ్చేసింది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేకపోయారు. ముసలిదై, కళ్ళు మసకబారి, కుక్కలాయన బూటు మీద గడ్డం ఆనించుకుని పడుకుని, ఆ నిద్రలోనే పోయింది. ఆయన బూటు లాక్కోలేక చాలాసేపు ఒంటికాలి మీదే నిలబడి ఉండిపోయాడు.

రెండోది గంగ. కత్తి పట్టుకున్నవాడి మీదికి ఉరికేది గానీ, గొడుగు చూస్తే చాలు, తోక ముడుచుకుని ఆయన కాళ్ళ మధ్య దూరేది. వానాకాలంలో దాన్ని వీధిలోకి తీసుకెళ్ళడమంటే ఆయనకి తలప్రాణం తోకకొచ్చేది. మూతపడ్డ ఒక మిల్లులో వెతుకుతున్నప్పుడు గంగని పాము కరిచింది. ఆయన దాన్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. దారంతా అది ఆయన చెవి నాకుతూనే ఉంది, ఏం ఫరవాలేదులే అన్నట్టు. రోడ్డెక్కేసరికి నాకడం ఆగిపోయింది. ఆయన ఇంటికొచ్చి తిండి మానేసి కూర్చుంటే, "మనిషి పోయినా ఇంత చెయ్యరు" అని తిట్టిన ఆవిడే వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

రెండు కుక్కల తోలు పట్టీలూ తలుపు వెనక మేకులకి వేలాడేవి. వాటిని అక్కడ్నుంచి తీసెయ్యమని ఎవరూ అనలేదు.

ఈ తోలు పట్టీ గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి పని నేర్పిన ముసలి శిక్షకుడు ఒకాయన ఉండేవాడు. అందరూ తాత అనేవాళ్ళు. మొదటి రోజే తాత పట్టీ ఒక కొస కుక్క మెడకి తగిలించి, రెండో కొస ఆయన చేతికిచ్చి చెప్పాడు. "ఒరే, ఇది కుక్కని ఆపడానికి అనుకుంటున్నావు కదూ. కాదు. నీ మనసులో ఉన్నదంతా దీంట్లోంచి దానికి పోతుంది. నువ్వు భయపడితే దానికి తెలుస్తుంది, నువ్వు ఒకడి మీద అనుమానపడితే అదీ తెలుస్తుంది. దానికి దొంగ అక్కర్లేదురా, నువ్వు సంతోషించడం కావాలి. అందుకని ఎవరి మీద అనుమానమో నీ చెవిన పడనివ్వకు. పడితే ఆ రోజు కుక్కని బయటికి తియ్యకు."

ఆ మాట ఆ విభాగంలో శాసనం. దొంగ జారవిడిచిన గుడ్డో చెప్పో కుక్కకి వాసన చూపిస్తారు. ఆ చోట ఉన్నవాళ్ళందరినీ వరసగా నిలబెడతారు. వాళ్ళని నిలబెట్టేటప్పుడు కుక్కని పట్టుకున్న మనిషి బయట, తలుపుకి వీపు పెట్టి నిలబడాలి. తర్వాత కుక్క వరస వెంట నడుస్తుంది. మొరగదు, కరవదు. ఎవరి ముందు కూర్చుంటే వాడే. కుక్కలాయన ఈ నియమం ఎంత గట్టిగా పట్టేవాడంటే, బయట నిలబడ్డప్పుడు చెవుల్లో దూది కూడా పెట్టుకునేవాడు. తోటివాళ్ళు ఆయన్ని చూసి చెవిపోటా బాబాయ్ అని ఏడిపించేవాళ్ళు. ఆయన దూది తీసేవాడు కాదు.

అలాంటి మనిషి చేతికి చుక్క వచ్చింది. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. దొర డాబూ లేదు, గంగ పిరికితనమూ లేదు. చుక్కకి ఉన్నదల్లా ముక్కు. గాలి ఎటునుంచి వీస్తే అటు తల తిప్పి, కళ్ళు సగం మూసి, ఏదో పాట వింటున్నదానిలా నిలబడేది. తాత అప్పటికే మంచాన పడ్డాడు. చుక్కని చూడ్డానికి కుర్చీలో కూర్చోబెట్టించుకుని, దాని మూతి చేతుల్లోకి తీసుకుని, "నీ అదృష్టంరా ఇది. పాడు చేసుకోకు" అన్నాడు. ఆ మాట తర్వాతి రోజుల్లో కుక్కలాయన్ని ఎన్ని వేల సార్లు పొడిచిందో.

ఆ రోజు ఒక పెద్ద హోటల్లో యజమాని గదిలోని బంగారు గడియారం పోయింది. అలమార పక్కన ఒక చేతిరుమాలు దొరికింది. కేసు చూస్తున్న ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు, కలుపుగోలు మనిషి. పనివాళ్ళనీ, బసచేసినవాళ్ళనీ, యజమాని బంధువులనీ పెరట్లో నిలబెడుతుంటే, కుక్కలాయన అలవాటుగా గేటు బయట వీపు తిప్పుకుని నిలబడ్డాడు. దూది జేబులోనే ఉంది, ఇంకా పెట్టుకోలేదు. అప్పుడు ఆ ఆఫీసరు తన ఫ్లాస్కు పట్టుకుని తనే నడిచి వచ్చి, తన చేత్తో టీ పోసి ఇచ్చాడు.

"గురువుగారూ, మీ గురించి చాలా విన్నాను. మీ చేతిలో కుక్క తప్పడం అన్నది లేదట కదా" అన్నాడు.

అన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఆఫీసరు ఆయనకి తన చేత్తో టీ పోసింది లేదు. గురువుగారూ అన్నదీ లేదు. ఆయన ఉబ్బిపోయాడు. నిజం చెప్పుకోవాలంటే అంతే సంగతి. ఒక కప్పు టీకీ ఒక గురువుగారూకీ ఉబ్బిపోయాడు. ఆ ఉబ్బులోనే ఆఫీసరు మాట్లాడుతూ పోయాడు.

"ఇందులో తేల్చడానికేం లేదు లెండి. వంటమాస్టరే. యజమానితో గొడవపడ్డాడు, గది దగ్గర తిరుగుతుంటే చూసినవాళ్ళున్నారు. ఎడమ పక్కనుంచి మూడోవాడు. మీ చుక్క ఒక్కసారి కూర్చుంటే చాలు, నా పని తేలికవుతుంది."

అప్పుడు చెప్పాల్సిన మాట ఒకటే. 'సార్, నాతో చెప్పేశారు, ఇక నేను కుక్కని తిప్పకూడదు, ఇంకో మనిషిని పిలిపించండి.' ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేతిలో టీ ఇంకా సగం ఉంది. ఎదుటివాడు నవ్వుతూ చూస్తున్నాడు. ఆ నవ్వుని పాడు చెయ్యాలనిపించలేదు. గుటక వేసి, టీతోపాటు మాటని కూడా మింగేశాడు.

చుక్క వరస వెంట నడిచింది. మొదటి మనిషిని దాటింది, రెండో మనిషిని దాటింది. మూడో మనిషి వంటమాస్టరు. ఇంకా ఏప్రన్‌తోనే ఉన్నాడు, చేతులకి పిండి. చుక్క అతన్ని కూడా దాటింది. దాని ముక్కు ముందుకి లాగుతోంది, పట్టీ బిగుసుకుని ఆ లాగడం ఆయన చేతికి స్పష్టంగా తెలుస్తోంది. సరిగ్గా అప్పుడు ఆయన పిడికిలి బిగుసుకుంది. బిగించాలని ఆయన అనుకోలేదు. అనుకోలేదన్నది నిజమే, కానీ బిగుసుకున్నదీ నిజమే. చుక్క ఆగింది. తల తిప్పి చూసింది. వంటమాస్టరు వంక కాదు, ఆయన మొహం వంక. ఇదా నీకు కావలసింది, అన్నట్టు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, వంటమాస్టరు ముందు కూర్చుంది.

దొర గానీ గంగ గానీ కూర్చునే ముందు ఆయన మొహం వంక చూసిన పాపాన పోలేదు. ఆయనకి అప్పుడే తెలిసిపోయింది.

వంటమాస్టరు కేకలు పెట్టలేదు. ఆఫీసరుతో కాదు, కుక్కలాయనతోనే అన్నాడు. "నేను కాదు సార్. ఒక్కసారి, ఒక్కసారి దాన్ని మళ్ళీ తిప్పండి. మీకు దణ్ణం పెడతాను."

"జాగిలానికి అబద్ధం ఆడడం రాదు" అన్నాడు ఆఫీసరు.

కుక్కలాయన వంగి, చుక్క నోటికి బిస్కెట్ ముక్క అందించాడు. బాగా పని చేసిన కుక్కకి ఇచ్చేది అదే మరి.

తర్వాత జరిగింది ఊహించడం కష్టమేం కాదు. గడియారం అమ్మబోతూ యజమాని బావమరిది దొరికిపోయాడు. ఆ రోజు వరసలో వంటమాస్టరుకి రెండడుగుల అవతల నిలబడ్డది అతనే. చుక్క ముక్కు లాగుతున్నది అతని వైపే. వంటమాస్టరుని లాకప్పులోంచి వదిలేశారు. వదిలేసరికి అతని కుడిచేతి రెండు వేళ్ళు వంగడం మానేశాయి, ఉద్యోగం పోయింది, దొంగ మాస్టరన్న పేరు మాత్రం మిగిలింది.

పై నుంచి విచారణ వచ్చింది. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు, ఒక పశువుల డాక్టరు కూడా ఉన్నాడు. కుక్కలాయన చెప్పేద్దామనే వెళ్ళాడు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. వాళ్ళు అడిగింది ఒకే ప్రశ్న. "పొరపాటు ఎక్కడ జరిగింది? మీ దగ్గరా, కుక్క దగ్గరా?"

గోడ మీద ఆ విభాగంలో పేరు తెచ్చుకున్న కుక్కల ఫొటోలున్నాయి. దొర ఉంది, గంగ ఉంది, కొత్తగా పెట్టిన చుక్క ఫొటో ఉంది. ఆయన వాటి వంక చూడకుండా అన్నాడు. "ఈమధ్య దాని ముక్కు కాస్త మందగించిందండీ."

అంతే. డాక్టరు తల ఊపాడు. చుక్క పేరు కొట్టేశారు, ఫొటో తీసేశారు. అప్పటికి చుక్క మంచి వయసులో ఉంది. ఆయన ఒక్క మాట మీద అది రిటైరయిపోయింది.

అలాంటి కుక్కని ఎవరైనా అడిగితే ఇచ్చేస్తారు. ఆయన అడిగి తెచ్చుకున్నాడు. ఇక కుక్కల్ని పట్టనని స్టోర్సుకి మార్పించుకున్నాడు. చుక్క మీద బెంగతో అలా చేశాడని అక్కడి వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళు మొదలయింది అప్పట్నుంచే. తేలు కుట్టిన దొంగలా ఆయన కిక్కురుమనలేదు.

ఇంట్లో మాత్రం ఒకరికి అనుమానం వచ్చింది. ఆవిడ బిస్కెట్ల డబ్బా బియ్యం వెనక దాస్తే చుక్క దాని ముందు కూర్చునేది. అటక మీద పెడితే నిచ్చెన ముందు కూర్చునేది. కూతురు వస్తున్న బస్సు ఇంకా వీధి మలుపు తిరక్కముందే గుమ్మం దగ్గర తోక ఊపేది.

"ఏమండీ, దీని ముక్కు పోయిందని చెప్పిన మహానుభావుడెవరు?" అని ఆవిడ ఒకరోజు అడిగింది.

ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వాడి ముక్కే పోయుంటుంది" అంది ఆవిడ, చుక్కకి బిస్కెట్ వేస్తూ.

రోజూ డ్యూటీ వేళకి చుక్క గుమ్మం పక్కన తగిలించిన తన పట్టీ కింద వచ్చి నిలబడేది. ఇవాళైనా తీసుకెళతాడేమోనని ఆశ. ఆయన ఒట్టి చేతులతో ఉద్యోగానికి వెళ్ళిపోతుంటే మెట్ల దాకా వచ్చి ఆగిపోయేది. రిటైరయ్యాక, ఆ బాకీ తీర్చుకుంటున్నట్టు, పొద్దునా సాయంత్రం దాన్ని తిప్పడమే ఆయన ఉద్యోగమైంది.

అలా తిప్పుతుండగా ఒక సాయంత్రం బస్టాండు వెనక సందులో చుక్క ఉన్నట్టుండి పట్టీ లాగింది. అంత గట్టిగా లాగి ఏళ్ళయింది. ఆయన్ని ఈడ్చుకుంటూ వెళ్ళి ఒక తోపుడు బండి ముందు ఆగింది. బండి మీద రొట్టెలు, ఒక పెద్ద గిన్నెలో కూర. గరిటె ఎడమచేత్తో తిప్పుతున్న మనిషి తలెత్తాడు. ముందు చుక్క నుదుటి మచ్చని చూశాడు, తర్వాత ఆయన్ని.

కుక్కలాయన వెనక్కి తిరగబోయాడు. పారిపోదామన్నా చుక్క కదలడం లేదు.

వంటమాస్టరు గరిటె పెట్టేసి బండి ఇవతలికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చుక్క అతని వంగని వేళ్ళని నాకింది.

"నన్ను మర్చిపోలేదే ఇది" అన్నాడు. తర్వాత తలెత్తి, "దీని మీద నాకు కోపం లేదు సార్. మూగజీవం, పొరపాటు పడింది. మనం పడడం లేదూ? దీన్ని మీరు ఇంటికి తెచ్చుకుని చూసుకుంటున్నారని విన్నాను. పెద్ద మనసు సార్ మీది" అన్నాడు.

ఎవరు అనకూడదో అతనే అన్నాడు ఆ మాట. ఆయన వంగి చుక్క మెడ దగ్గర పట్టీ సర్దసాగాడు.

ఆ మర్నాటి నుంచి చుక్క వేరే దారిన నడవనంది. రోజూ ఆ బండి దగ్గరికే. వంటమాస్టరు దానికోసం ఒక సత్తు గిన్నె విడిగా పెట్టాడు, అందులో కూరలోని ముక్కలు కడిగి మరీ వేసేవాడు. కుక్కలాయన అక్కడ నిలబడి, చుక్క తినడం అయ్యేదాకా చెప్పులకేసి చూసుకునేవాడు. చెప్పాలి, ఇవాళ చెప్పెయ్యాలి అనుకుంటూ వెళ్ళేవాడు. చెప్పకుండా వచ్చేవాడు. ఇలా చెప్పలేకపోయిన సాయంత్రాల్లోనే చుక్క మూతి నెరిసింది, నడుం వంగింది. డాక్టరు మూత్రపిండాలు చెడ్డాయన్నాడు, ఇక ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నాడు.

ఆ మాట విన్న వారంలోనే ఒక సాయంత్రం బండి చుట్టూ జనం ఉన్నారు. వంటమాస్టరు చుక్కని చూపిస్తూ ఎవరికో సరదాగా చెబుతున్నాడు. "ఇదిగో, నన్ను దొంగని చేసిన పోలీసు ఇదే. ఇప్పుడు నా దగ్గరే లంచం మేస్తోంది." అందరూ నవ్వారు. ఒక డ్రైవరు రొట్టెముక్క పిడికిట్లో దాచి, రెండు చేతులూ చుక్క మూతి ముందు ఆడిస్తూ, "ఏ చేతిలో ఉందో చెప్పవే ముక్కులేనిదానా" అన్నాడు. మళ్ళీ నవ్వారు. చుక్క తినడానికి కూడా ఓపిక లేక, వాళ్ళకి వీపు తిప్పి, కుక్కలాయన వైపు తిరిగి నిలబడి ఉంది.

ఆయన పిడికిలి బిగుసుకుంది. చేతిలోని పట్టీ బిగుసుకుంది. చుక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. అదే చూపు. వెనక కాళ్ళు వణుకుతుండగా, మెల్లగా ఆయన ఎదుటే కూర్చుంది.

"పాపం, నిలబడలేకపోతోంది" అన్నాడు వంటమాస్టరు.

"కాదు" అన్నాడు కుక్కలాయన. "దొంగని పట్టింది."

చెప్పేశాడు. జనం వింటున్నారని కూడా చూడలేదు. టీ, గురువుగారూ, ఎడమనుంచి మూడోవాడు, పిడికిలి, చుక్క తిరిగి చూడడం, విచారణలో తను అన్న మాట, అన్నీ. "దాని ముక్కుకి ఏమీ కాలేదు. అది నిన్ను దాటిపోయింది. వెనక్కి లాగింది నేను" అన్నాడు. చెబుతుంటే ఆయన గొంతు ఆయనకే ఎవరిదో అనిపించింది.

డ్రైవరు మెల్లగా జారుకున్నాడు. వంటమాస్టరు గరిటెని గుడ్డతో తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"మళ్ళీ ఒక్కసారి తిప్పమన్నాను. గుర్తుందా?"

"ఉంది."

"తిప్పి ఉంటే?"

"నిన్ను దాటిపోయి వాడి ముందు కూర్చునేది."

వంటమాస్టరు గుడ్డ భుజాన వేసుకున్నాడు. ఇప్పుడు అతని మాటల్లో 'సార్' లేదు. "ఇన్నాళ్ళూ నా ఎదురుగా నిలబడి, దీన్ని నేను క్షమిస్తుంటే చూస్తూ ఊరుకున్నారా? రేపట్నుంచి దీన్ని మీ ఆవిడకిచ్చి పంపండి. మీరు రావద్దు. నాకు చెప్పింది అక్కడ చెప్పండి, దీని పేరు ఎక్కడ చెడగొట్టారో అక్కడ."

ఇంటికొచ్చి ఆయన భార్యకి కూడా చెప్పాడు. ఆవిడ అంతా విని, ఒక్క మాట కూడా తిట్టకుండా లేచి వెళ్ళి చుక్క పక్కన చాప వేసుకుని పడుకుంది. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు ఆయన. మర్నాటి నుంచి చుక్కని ఆవిడే తీసుకెళ్ళింది. చుక్క మలుపు దాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళేది. మనం ముగ్గురం కలిసి వెళ్ళాలి కదా అన్నట్టు. కొన్నాళ్ళకి మలుపు దాకా నడవలేకపోయింది. ఆ తర్వాత గుమ్మం దాకా కూడా రాలేకపోయింది. ఒక మధ్యాహ్నం, ఆయన అన్నం పిసికి పెడుతుంటే, తినకుండా ఆయన వేళ్ళన్నీ ఒక్కొక్కటీ వాసన చూసి, తల ఆ చేతిలోనే పెట్టేసింది. దొర బూటు మీద పెట్టినట్టే. ఆ చేతిలోనే ఎందుకు పెట్టాలి అది? ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. పట్టీని మూడో మేకుకి తగిలించబోయి, ఆగిపోయాడు. దొర పక్కనా గంగ పక్కనా దాన్ని పెట్టే మొహం తనకి ఇంకా లేదనిపించింది.

పట్టీ జేబులో పెట్టుకుని జాగిలాల విభాగానికి వెళ్ళాడు. ఇప్పుడక్కడి అధికారి ఒక చిన్నవయసు ఆడమనిషి. ఆయన్ని చూడగానే లేచి నిలబడి కుర్చీ వేయించింది. శిక్షణకొచ్చిన వాళ్ళని పిలిచి, "చెవుల్లో దూది పెట్టుకునే ఆయన అని చెప్పానే, ఈయనే" అంది. గోడ మీద దొర, గంగ ఉన్నాయి. చుక్క ఉండాల్సిన చోట సున్నం కొద్దిగా వేరే రంగులో ఉంది.

ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. ఈసారి కూడబలుక్కున్న మాటలు కాదు. తప్పు తన చేతిదని, అబద్ధం తన నోటిదని, చుక్క ముక్కు చివరిదాకా చెక్కుచెదరలేదని చెప్పాడు. చెప్పి, తల దించుకుని, తిట్ల కోసం కాచుకున్నాడు.

తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది.

"చూశారా?" అంది శిక్షణవాళ్ళతో. "చచ్చిపోయిన కుక్క పరువు కోసం తప్పంతా తన నెత్తిన వేసుకుంటున్నారు. కుక్కని ప్రేమించడం అంటే ఇదీ."

"లేదమ్మా, నిజంగానే జరిగింది. నేనే చేశాను."

"అలాగే సార్" అంది ఆమె, పసివాణ్ణి సముదాయిస్తున్నట్టు. "ఫొటో తప్పకుండా పెట్టిస్తాం. మీ మాట కాదంటామా?"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆయన చప్పట్ల మధ్యలోంచి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. మెట్ల దాకా ఆ చప్పుడు వెంటపడింది. తను చెడగొట్టిన పేరు తిరిగొచ్చింది గానీ, అదీ తన మంచితనం ఖాతాలోనే పడింది.

కాళ్ళు ఆయన్ని బస్టాండు వెనక సందుకి తీసుకెళ్ళాయి. రావద్దన్నాడు కాబట్టి బండి దాకా వెళ్ళలేదు, రోడ్డు అవతలే నిలబడ్డాడు. వంటమాస్టరు చూశాడు. జేబులోంచి తీసిన పట్టీ ఆయన చేతిలో ఉంది, దాని చివర ఏమీ లేదు. వంటమాస్టరు గరిటె దించి, బండి కింద బోర్లించి ఉన్న సత్తు గిన్నె వంక కాసేపు చూశాడు. తర్వాత రోడ్డు దాటి వచ్చాడు.

"ఎప్పుడు?"

"మొన్న మధ్యాహ్నం."

"బాధపడిందా?"

"లేదు."

వంటమాస్టరు తల ఊపాడు. "చెప్పారా అక్కడ?" అని అడిగాడు.

"చెప్పాను. అంతా చెప్పాను." కుక్కలాయన పట్టీని రెండు చేతుల్లో నలుపుకుంటూ అన్నాడు. "నేను కాదు కాదంటున్నా నన్ను మంచివాడంటున్నారు. ఎంత చెప్పినా నమ్మడం లేదు."

వంటమాస్టరు ఆయన మొహంలోకి సూటిగా చూశాడు. అందులో కోపం లేదు, జాలీ లేదు.

"నేను కాదు కాదన్నప్పుడు నన్నూ ఎవరూ నమ్మలేదు" అన్నాడు. అని, బండి దగ్గర ఎవరో పిలుస్తుంటే వెళ్ళిపోయాడు.